జంతు ప్రయోగాల మీద మీ ఊరి మాట: సర్వే ఎలా చేయాలి

డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో 180 గంటలు ఊళ్ళో తిరగాలన్నది మన రాష్ట్రంలో పిల్లలందరికీ తెలిసిన సంగతే. శ్రీకాకుళం జిల్లాలో నేను దిద్దిన ప్రాజెక్టులు చాలావరకు మరుగుదొడ్లు, ప్లాస్టిక్, డ్వాక్రా రుణాలు. తప్పేం లేదు గానీ, ఒకే పెన్నుతో ఒకే సాయంత్రం మంచం మీద కూర్చుని నింపిన నలభై ఫారాలు దిద్దేవాడికి ఇట్టే తెలిసిపోతాయి. అందుకే, వేరే టాపిక్ ఏదైనా ఇవ్వండి సార్ అని అడిగిన జువాలజీ పిల్లలకి ఇది ఇచ్చాను: మందుల కోసం, చదువు కోసం జంతువుల మీద చేసే ప్రయోగాల గురించి మీ ఊళ్ళో జనం ఏమనుకుంటున్నారు? కాపీ కొడదామంటే దొరకదు. ఊహించి రాద్దామంటే కుదరదు.

మొదటిసారి మేమే చెడగొట్టుకున్నాం. ఫారం పైన ఒకమ్మాయి గుండ్రటి అక్షరాలతో "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అని రాసింది. కింద మొదటి ప్రశ్న: "మూగజీవాలను హింసించి మందులు తయారుచేయడం సమంజసమేనా?" నేను చూసి సంతకం కూడా పెట్టాను. పిల్లలు ఊరంతా తిరిగొచ్చారు. అందరూ "కాదు" అన్నారు. అనక ఏమంటారు? పిల్లలు సంబరపడ్డారు, నేను తల పట్టుకున్నాను. మేం ముందే రాసుకెళ్ళిన జవాబు మీద ఊరివాళ్ళు వేలిముద్ర వేసి పంపారంతే.

ఆ తర్వాత రెండుసార్లు చేసి నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను. మీది శ్రీకాకుళమైనా, విజయనగరమైనా, ఇంకే ఊరైనా పద్ధతి ఒకటే.

ముందు మీరు చదువుకోండి

దీనికి రెండు రోజులు పెట్టండి. అరుగు మీద కూర్చున్న తాత ఒక్క ఎదురుప్రశ్న వేస్తే మీ నోట మాట రాదు: "మన దేశంలో ఇయ్యన్నీ సేయనిస్తారేటి?"

చేయనిస్తారు, షరతులతో. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమే దీనికి ఆధారం. నృత్యకారిణి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభ సభ్యురాలిగా ఉన్నప్పుడు తెచ్చిన ప్రైవేటు బిల్లుతో కదిలిన చట్టం అది. ప్రాణం నిలబెట్టడానికో, జబ్బు తగ్గించడానికో, కొత్త విషయం కనిపెట్టడానికో చేసే ప్రయోగాలు నేరం కాదని 14వ సెక్షన్ చెబుతుంది. 17వ సెక్షన్ దానికి కళ్ళెం వేస్తుంది. పుస్తకాలు, బొమ్మలు, ఫిల్ములతో పని జరిగే చోట జంతువుని తేవద్దు. చిన్న జంతువుతో సరిపోయే చోట పెద్దదాని జోలికి పోవద్దు. చెయ్యి తిరగడం కోసమని ఊరికే కొయ్యొద్దు. వీటిని చూడడానికి కేంద్రంలో ఒక కమిటీ ఉంది, 1998లో దానికి రూల్సు వచ్చాయి. ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ ఎథిక్స్ కమిటీ ఉండాలి. అందులో బయటి సైంటిస్టుతో పాటు, అసలు సైంటిస్టే కాని ఒక మామూలు మనిషి కూడా కూర్చోవాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. "మాలాంటోళ్ళని అడిగి ఏటి సేస్తారు" అని ఎవరైనా అంటే మీ దగ్గరున్న జవాబు ఇదే: ఆ గదిలో మీలాంటివాళ్ళకీ ఒక కుర్చీ వేశారు.

ఇంకో మూడు సంగతులు. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం మన దేశంలో 2014లో ఆగిపోయింది. అలా పరీక్షించినవి బయటి నుంచి తెచ్చుకోవడం కూడా ఆ ఏడాదే ఆపేశారు. కాలేజీల్లో కోతలు తగ్గించమని యూజీసీ 2011లో చెప్పి, 2014లో జువాలజీలో పూర్తిగా మానేయమంది. కొత్త మందుల రూల్సును 2023లో సవరించి, జంతువుల బదులు ల్యాబులో పెంచిన మనిషి కణాలు, చిప్పు మీద అమర్చిన అవయవాలు లాంటి పద్ధతులను కూడా ఒప్పుకున్నారు.

మా రోజుల్లో కప్పలు పట్టే అతను తడి గోనెసంచి భుజాన వేసుకుని ల్యాబు వెనక గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. సంచి కదులుతూ ఉండేది. లెక్కపెట్టి బకెట్లో వేసేవాడు, అటెండరు మూత మీద రాయి పెట్టేవాడు. మైనం ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్ళకీ గుండుసూదులు గుచ్చాక కూడా నా కప్ప గుండె కొట్టుకుంటూనే ఉంది. రికార్డులో బొమ్మకి పదికి తొమ్మిది వేశారు. ఇప్పుడు నా పిల్లలు అదే పాఠం కంప్యూటర్లో చూస్తారు. వాళ్ళకి గుండె ఎన్ని గదులో నాకంటే బాగానే తెలుసు.

ప్రపంచమంతా వాడే కొలబద్ద ఒకటుంది. 1959లో విలియం రసెల్, రెక్స్ బర్చ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు మూడు మాటలు చెప్పారు: వీలైతే జంతువు బదులు వేరే దారి చూడు, తప్పకపోతే తక్కువ జంతువులతో కానివ్వు, వాటికి నొప్పి తక్కువయ్యేలా చూడు. మన దేశపు కమిటీ నాలుగోది కలిపింది: పని అయ్యాక వాటిని చూసుకో. మీ ప్రశ్నలకి ఎముకల గూడు ఇదే.

ఊరికి తెలిసిన ఉదాహరణలు పట్టుకోండి

పెన్సిలిన్, ఇన్సులిన్ కథలు పుస్తకాల్లో బాగుంటాయి. ఊళ్ళో మాత్రం మాట కదలాలంటే ఊరి జబ్బే కావాలి. మనకి వాటికేం కొదవ లేదు.

బోదకాలు తీసుకోండి. రెండు జిల్లాల్లోనూ దాని పేరు చెబితే పెద్దవాళ్ళు చేత్తో కాలి లావు చూపిస్తారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించిన ఆ మాత్ర వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. 1940లలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో వందల రసాయనాలు వడపోసి పట్టుకున్నారు దాన్ని. దేని మీద చూశారు? ఒంట్లో ఫైలేరియా పురుగులున్న పత్తి ఎలుకలు అనే జాతి మీద, తర్వాత కుక్కల మీద. ఇది చెప్పినప్పుడు ఒక ముసలమ్మ "ఎలకలకీ బోదకాలొస్తాదేటి?" అని ఆశ్చర్యపోయింది. కాలు వాయదమ్మా, పురుగు మాత్రం ఉంటుంది అని మా కుర్రాడు సర్దిచెప్పాడు.

కుక్కకాటు ఇంకా దగ్గరిది. నలభై దాటినవాళ్ళకి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు గుర్తే. ఆ మందు గొర్రె మెదడు నుంచి తీసేవారు. మన దేశంలో దాని తయారీ 2004 చివరిలో ఆగింది. పాముకాటుదీ అలాంటి కథే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు తీస్తారు. అది పనిచేస్తుందో లేదో చిట్టెలుకల మీద చూస్తారు. కరోనా అయితే నిన్నమొన్నటిదే. 2020లో కొవాగ్జిన్‌ని 20 రీసస్ కోతులకి ఇచ్చి చూశారు.

ఇక్కడే జాగ్రత్త. ఇవన్నీ వరసగా చెబితే మీరు ప్రయోగాల తరఫు వకీలైపోతారు. అవతలి వైపుదీ తెలిసి ఉండాలి. థాలిడోమైడ్ అనే నిద్రమాత్రను 1957లో జర్మనీలో అమ్మకానికి పెట్టారు. ఎలుకలకిచ్చి చూస్తే బాగానే ఉన్నాయి, కడుపుతో ఉన్న జంతువులకి ఇచ్చి చూడలేదు. గర్భిణులు వేసుకుంటే వేలమంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. 1961లో మందు వెనక్కి తీసుకున్నారు. తర్వాత చూస్తే కుందేళ్ళలో, కోతుల్లో ఆ అవకరాలు కనిపించాయి, ఎలుకల్లో దాదాపు కనిపించలేదు. "ఎలకకి సరిపడినది నాకు సరిపడతాదని ఏటి గేరంటీ" అని అడిగే రైతు చదువు లేక అడగడం లేదు. చదువుకున్నవాళ్ళు కూడా తలలు బద్దలుకొట్టుకుంటున్న ప్రశ్న అది.

ఈ ఉదాహరణలు మీ తలలో ఉండాలి, ఫారంలో కాదు. అడిగితేనే చెప్పండి, అదీ ప్రశ్నలన్నీ అయ్యాక.

ప్రశ్న రాయడం: సగం టైము దీనికే

1999లో బ్రిటన్‌లో న్యూ సైంటిస్ట్ పత్రిక కోసం మోరీ అనే సంస్థ రెండు వేల మందిని అడిగింది. సగంమందిని సూటిగా: బతికున్న జంతువుల మీద సైంటిస్టులను ప్రయోగాలు చేయనివ్వాలా? ఒప్పుకున్నది 24 శాతం, వద్దన్నది 64. మిగతా సగానికి అదే ప్రశ్న, కానీ ముందు రెండు వాక్యాలు: కొత్త మందుల కోసం, ల్యుకేమియా, ఎయిడ్స్ లాంటి జబ్బుల కోసం చేస్తున్నారు, దీనివల్ల పని త్వరగా అవుతుందని వాళ్ళ నమ్మకం అని. ఈసారి ఒప్పుకున్నది 45, వద్దన్నది 41. అదే దేశం, అదే పత్రిక, అదే ప్రశ్న. రెండు వాక్యాలు జనాన్ని అటు నుంచి ఇటు తిప్పేశాయి. 2018లో అమెరికాలోనూ ఇంతే. పరిశోధనలో జంతువులను వాడడం సమ్మతమేనా అని ప్యూ సంస్థ అడిగితే సమ్మతమన్నవాళ్ళు 47 శాతం. మందుల పరీక్షలకు వాడడం నైతికంగా ఫర్వాలేదా అని గాలప్ అనే ఇంకో సంస్థ అడిగితే సగానికి పైగా ఫర్వాలేదన్నారు.

అంచేత మీ ఫారంలో ప్రతి మాటనీ అనుమానంగా చూడండి. "హింస", "బలి", "మూగజీవాలు" కొట్టేయండి. "ప్రాణాలు కాపాడే", "మానవాళి మేలు కోసం" కూడా కొట్టేయండి.

ఇంకో మాట ఉంది, దాన్ని మేం అస్సలు పసిగట్టలేదు. "ప్రయోగం." ఆమదాలవలస దగ్గర ఒక ఊళ్ళో "జంతువుల మీద ప్రయోగాలు చేయడం గురించి మీరేమంటారు పిన్నీ" అని అడిగితే ఆవిడ చటుక్కున లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ ఊళ్ళో ప్రయోగమంటే చేతబడి. కోడినీ మేకనీ పెట్టి చేసేది. మా కుర్రాడు అరగంటసేపు బయట నిలబడి, పక్కింటావిడతో చెప్పించుకుని బయటపడ్డాడు. అప్పటినుంచి మేం ఆ మాట వాడడం లేదు. "కొత్త మందు మనుషులకి ఇచ్చేముందు ఎలుకలకి ఇచ్చి చూడడం" అని పొడుగ్గానే రాస్తాం. పొడుగైనా ఫర్వాలేదు, అర్థమైతే చాలు.

మీ ఫారం తయారయ్యాక మీ అమ్మకి చదివి వినిపించండి. ఆవిడ "అంటే?" అన్న ప్రతిచోటా తిరిగి రాయండి. ఇంతకు మించిన పరీక్ష నాకు తెలీదు.

ఇక ప్రశ్న ఇలా మొదలుపెట్టొచ్చు:

"కిడ్నీ జబ్బుకి కొత్త మందు ఒకటి తయారుచేశారు. మనుషులకి ఇచ్చేముందు కొన్ని ఎలుకలకి ఇచ్చి చూడాలనుకుంటున్నారు. వాటికి నొప్పి పెద్దగా ఉండదు, కానీ చివరికి చంపి లోపల ఏమైందో చూస్తారు. ఇలా చేయొచ్చా?"

తర్వాతి ప్రశ్నల్లో ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ఎలుక బదులు కుక్క. కుక్క బదులు కోతి. మళ్ళీ ఎలుకకే వచ్చి, కిడ్నీ మందు బదులు ముఖానికి రాసుకునే క్రీము. మళ్ళీ మందుకే వచ్చి, ఈసారి నొప్పి బాగా ఉంటుంది. ఆఖరిది: జంతువులు లేకుండానే చేసే పద్ధతి ఉంది, కానీ మందు నాలుగేళ్ళు ఆలస్యమవుతుంది. రెండు మూడు ఒకేసారి మార్చారో, మనిషి మనసు దేనికి మారిందో మీకు తెలియదు. సగం ఫారాల్లో కోతి ముందు, ఎలుక తర్వాత రావాలి. ఎలుకకి ఊ అన్న మనిషి ఆ ఊపులోనే కుక్కకీ ఊ అనేస్తాడు.

జవాబుల గళ్ళ దగ్గర మా పాత ఫారాల్లో రెండే ఉండేవి: అవును, కాదు. ఇది చాలా పెద్ద తప్పు. తెలుగువాడి నోట ఈ ప్రశ్నకి ఎక్కువగా వచ్చే మాట ఆ రెండూ కాదు. "తప్పదు." ఎలుకలకి ఇవ్వొచ్చా అంటే "ఏటి సేస్తాం బాబూ, తప్పదు కదా" అంటారు. దాన్ని మా పిల్లలు "అవును" గడిలో వేసేశారు. ఒక్కసారి ఆలోచించండి. "తప్పు కాదు" అన్న మనిషి ఒకడు, "తప్పదు" అన్న మనిషి ఇంకొకడు. మొదటివాడి మనసులో పేచీ లేదు. రెండోవాడు అది తప్పేనని ఒప్పుకుంటూనే వేరే దారి లేదంటున్నాడు. రేపు వేరే దారి ఉందని తెలిస్తే, మొదటివాడు పట్టించుకోకపోవచ్చు, రెండోవాడు వెంటనే అటు వస్తాడు. ఇద్దర్నీ ఒక గడిలో కుక్కితే మీ సర్వే అంతా బూడిదలో పోసిన పన్నీరే. నాలుగు గళ్ళు పెట్టండి: తప్పు కాదు, చేయొచ్చు. తప్పే గానీ తప్పదు. చేయకూడదు. చెప్పలేను. చివరిదాన్ని చిన్నచూపు చూడకండి, తడబడే మనిషికి అది ఊపిరి తీసుకునే చోటు.

ప్రతి ప్రశ్న పక్కన రెండు ఖాళీ గీతలు ఉంచండి. "ఎందుకు?" అనడిగి, చెప్పింది చెప్పినట్టే రాయడానికి.

ఎవర్ని అడగాలి

పాతబస్టాండు దగ్గర, టీ బడ్డీ దగ్గర నిలబడి అడగడం తేలిక. అక్కడ దొరికేది మగవాళ్ళు, అదీ ఖాళీగా ఉన్న మగవాళ్ళు. ఊరి మాట కావాలంటే వీధి మొదటి నుంచి ప్రతి ఐదో ఇల్లు తీసుకోండి. ఆ ఇంట్లో ఎవర్ని అడగాలన్నది కూడా ముందే అనుకోండి, ఒక ఇంట్లో ఆడవాళ్ళు, తర్వాతి ఇంట్లో మగవాళ్ళు. లేకపోతే ప్రతి గుమ్మంలోనూ ఇంటాయనే వచ్చి ఇంటావిడ తరఫున కూడా చెప్పేస్తాడు. (అమెరికాలో ప్యూ వాళ్ళ లెక్కలో మగవాళ్ళలో ఎక్కువమంది సమ్మతమంటే, ఆడవాళ్ళలో ఎక్కువమంది వద్దన్నారు. మీ ఊళ్ళో ఎలా ఉందో అడిగితే గానీ తెలియదు.)

ఎంతమంది? ఇద్దరు పిల్లలు కలిసి చేస్తే అరవై నుంచి వంద. సరిగ్గా చీటీలు తీసినట్టు ఎంచుకున్నా, వందమంది లెక్కలో పది అటూ ఇటూ తేడా ఉంటుంది. కాబట్టి యాభై రెండుకీ నలభై ఎనిమిదికీ మధ్య ఏదో తేడా ఉందని వ్యాసం రాయకండి.

వీలైతే రెండు రకాల ఊళ్ళు తీసుకోండి, పోల్చడానికి బాగుంటుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి లాంటి చోట ఏటా వలస పక్షులొచ్చి గూళ్ళు కడతాయి, వాటికి ఊళ్ళోవాళ్ళే కాపలా. శ్రీకూర్మంలో గుడి ఆవరణలో తాబేళ్ళు తిరుగుతాయి. అలాంటి ఊళ్ళో జవాబులు వేరుగా ఉంటాయేమో చూడొచ్చు. ఉంటాయని ముందే తీర్మానించుకుని మాత్రం వెళ్ళొద్దు.

గుమ్మం దగ్గర

ఊడ్పులప్పుడు, కోతలప్పుడు వెళ్ళకండి, ఎవరూ దొరకరు. సాయంత్రం నాలుగున్నర తర్వాత సీరియల్ మొదలయ్యేలోపు మంచి టైము. సార్, మేడం అనొద్దు. అలా పిలిస్తే మిమ్మల్ని సచివాలయం నుంచి వచ్చారనుకుని రేషన్ కార్డు తెస్తారు. తాతా, మావా, పిన్నీ, అప్పా అని మీ ఇంట్లో పిలిచినట్టే పిలవండి. ఏ కాలేజీ, ఎందుకు అడుగుతున్నారు, పేరు రాయం, ఇష్టం లేకపోతే మానేయొచ్చు, ఈ నాలుగూ ముందే చెప్పండి. పథకం రాదని కూడా చెప్పండి.

జవాబు విన్నాక మీ ముఖం చూసుకోండి. కనుబొమ్మ లేచిందా, వాళ్ళు మాట మార్చేస్తారు. పొందూరు రోడ్డులో ఒక రైతు అన్నాడు: "ఎలకల మీదైతే సేసుకోండి బాబూ, నా వరికుప్ప సగం అయ్యే తింతన్నాయి. కోతి మీదంటే ఎలా? ఆంజనేయస్వామి కాదేటి?" మా వాడు కిసుక్కున నవ్వాడు. ఆయన ఆ తర్వాత అన్నిటికీ "మీరెలా అంటే అలాగే" అన్నాడు. ఫారం వృథా. (ఎలుక వినాయకుడి వాహనమన్న సంగతి వరి పండించేవాడికి ఎందుకు గుర్తురాదో నేనూ ఆలోచించాను గానీ, అది మన సర్వేలో పని కాదు.)

వాదించకండి. "ఆదివారం కోడి తింటారు కదా, మరి ఎలుకైతే ఏంటి?" అనాలని నోరు దురదపెడుతుంది. ఆపుకోండి. ఆ మాటకి వాళ్ళ దగ్గర మీరు ఊహించని జవాబు ఉండొచ్చు. చికెన్ కొట్టు అతన్ని అడిగినప్పుడు, కత్తి గుడ్డతో తుడుస్తూనే చెప్పాడు: "నేను ఒక్క దెబ్బతో కోసేస్తాను. ఆళ్ళు నెలల తరబడి బోనులో పెట్టి సూస్తారట కదా. దానికి తెలిసిపోదేటి?" చంపడం వేరు, బాధలో ఉంచడం వేరు అని ఎథిక్స్ పుస్తకాలు పేజీలకి పేజీలు రాసింది అతను మూడు వాక్యాల్లో చెప్పేశాడు. ఆ రెండు ఖాళీ గీతలు ఇలాంటివాటి కోసమే.

ఉద్దానం వైపు వెళ్తే ఫారం మార్చుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఎటు వెళ్ళినా డయాలసిస్ చేయించుకునే మనిషి ఉన్న ఇల్లు తగులుతుంది. నీళ్ళలో సిలికా అంటారు, పురుగుమందులంటారు, ఎండలో చాకిరీ అంటారు, ఇన్నేళ్ళైనా కారణం ఇదీ అని తేలలేదు. అక్కడ కిడ్నీ మందు ప్రశ్న అంటే ఉత్త ప్రశ్న కాదు. మేం తెలియక అడిగాం. అలాంటి ఇంట్లో ఒకావిడ జీడిపిక్కల గిన్నె పక్కన పెట్టి అంది: "ఎలకలేటి నాయినా, మా ఆయన మీదే సేయమను. బతికితే బతుకుతాడు." మా అమ్మాయి పెన్ను ఆగిపోయింది. ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు, మంచి పని చేసింది. లేచేముందు ఆవిడే అడిగింది, మందు నిజంగా వచ్చిందా అని.

అందుకని ఆ ఊళ్ళకి కిడ్నీ బదులు పాముకాటు పెట్టండి. ఒకవేళ జబ్బు మాట వాళ్ళే ఎత్తితే ఫారం మడిచేసి వినండి. ఇంతకుముందు రక్తం, నీళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళ రిపోర్టులు ఏమయ్యాయని అడుగుతారు. మీకు తెలియదని నిజమే చెప్పండి. దగ్గర్లో పరీక్షలు ఎక్కడ చేస్తారో కాగితం మీద రాసుకుని జేబులో ఉంచుకోండి, అడిగితే ఇవ్వడానికి.

లెక్కపెట్టడం, రాయడం

నలభైమందిని అడిగి "65 శాతం ప్రజలు" అని రాయకండి. "40 మందిలో 26 మంది" అని రాయండి. చదివేవాడికి మీ సర్వే ఎంతదో అందులోనే కనిపిస్తుంది. "శ్రీకాకుళం ప్రజలు" అనకండి, ఊరి పేరు రాయండి.

పట్టిక ఒకటి గీయండి, అడ్డంగా నాలుగు గళ్ళు, నిలువుగా మీ ప్రశ్నలు. చూడాల్సింది ఏ గడిలో ఎంతమంది అన్నదాని కంటే, ప్రశ్నలో ఒక్క మాట మారినప్పుడు మనుషులు ఏ గడి నుంచి ఏ గడికి జరిగారన్నది. మందు క్రీముగా మారినప్పుడు జరిగారా? నొప్పి వచ్చినప్పుడా? వేరే దారి ఉందన్నప్పుడా? ఎలుక కోతిగా మారినప్పుడా? రసెల్, బర్చ్ చెప్పిన మూడు మాటల్లో దేనికి మీ ఊరు ఎక్కువ కదిలిందో ఆ జరగడంలోనే దొరుకుతుంది.

చెప్పం పొమ్మన్నవాళ్ళెందరో, మధ్యలో లేచిపోయినవాళ్ళెందరో కూడా రాయండి. మార్కులు తగ్గుతాయని టెన్షన్ వద్దు. దిద్దేవాడికి నిజంగా తిరిగారన్న నమ్మకం కలిగేది అక్కడే. మాట్లాడిన మాటలు యాసతోనే ఉంచండి, పుస్తకం తెలుగులోకి మార్చకండి. పేర్లు, ఇంటి గుర్తులు తీసేయండి. ఊళ్ళో ఒకే చికెన్ కొట్టు ఉంటే "చికెన్ కొట్టు అతను" అన్నా గుర్తుపట్టేస్తారు, "మాంసం వ్యాపారం చేసే ఒకాయన" అనండి. (నేను పైన రాసిన ఊళ్ళో కొట్లు చాలానే ఉన్నాయి.)

ఊళ్ళోకి మళ్ళీ వెళ్ళండి

బైండింగ్ చేయించి కాలేజీలో ఇచ్చేముందు ఒక సాయంత్రం అదే వీధికి వెళ్ళి, రెండు పేజీలకి కుదించి చదివి వినిపించండి. రామాలయం అరుగు చాలు. పదిమంది వస్తే ఎక్కువ.

చదువుతున్నప్పుడు ఎవరో ఒకరు అడ్డం తగులుతారు. మాకు బోదకాలు ముసలమ్మే తగిలింది. ఎలుక, కుక్క, కోతి, మూడింటికీ "చేయకూడదు" అన్న మనిషి. చివర్లో పత్తి ఎలుకల కథ మావాళ్ళే చెప్పారు కదా, వారమంతా దాన్నే నమిలిందట. "నాది మార్చి రాయండి. ఆ మాత్ర నేనూ మింగాను. ఎలకలకైతే తప్పదు. కుక్కలకి మాత్రం వొద్దు." ఆ మందు కుక్కల మీద కూడా చూశారని మా కుర్రాడు గుర్తుచేశాడు. ఆవిడ కాసేపు ఊరుకుని, "అయితే కుక్కల మాట ఇంకా సెప్పలేను" అంది.

అలా జరిగితే మొదటి జవాబు కొట్టేయకండి. పక్కన తేదీ వేసి రెండోది రాయండి, ఏం విన్నాక మారిందో ఒక్క ముక్క రాయండి. లెక్కలో మొదటిదే ఉంచండి. ఆవిడ ఫారంలో కుక్క గడి ఎదురుగా ఇప్పుడు రెండు టిక్కులున్నాయి, రెండు రంగుల్లో.